లావాదేవీలను ఎన్నుకొనువారెవరు? బిట్‌కాయిన్ పత్రముపై ఒక విమర్శ

ఒక శాస్త్రగ్రంథమును విమర్శించునపుడు అందు చెప్పిన విషయములను పరీక్షించిన మాత్రమే చాలదు. చెప్పక విడిచిన విషయములను కూడ పరీక్షింపవలెను. ఒక్కొక్కప్పుడు రచయిత విడిచిన ఖాళీలోనే తరువాతి చరిత్ర యంతయు జరుగును. 2008 అక్టోబరు 31వ తేదీన సతోషి నకమోటో అను మారుపేరుతో ఒక అజ్ఞాత రచయిత ప్రకటించిన తొమ్మిది పుటల పత్రము ఇందుకు మంచి ఉదాహరణము. బ్యాంకు మధ్యవర్తిత్వము లేకుండ ఒకరినుండి మరొకరికి సొమ్ము పంపుకొను పద్ధతిని ఆ పత్రము వివరించినది. దానినుండియే బిట్‌కాయిన్ పుట్టినది. 2009 జనవరి 3వ తేదీన దాని మొదటి బ్లాకు తయారైనది.

ఈ నాణెమును గూర్చి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్ళలోని ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ నేడు సెల్‌ఫోనులలో వినుచున్నారు. “ఇందులో మనుష్యుల జోక్యము లేదు, అంతయు గణితమే నడపును” అను మాట తరచుగ చెవిన పడుచుండును. ఆ మాటలో ఎంత సత్యమున్నదో తేల్చుటయే ఈ వ్యాసము ఉద్దేశము. నాణెము కొనవలెనా, మానవలెనా అను ప్రశ్నతో దీనికి పని లేదు. మన దేశములో ఇది చట్టబద్ధమైన ద్రవ్యము కాదు. దీనిమీద వచ్చు లాభముపై 2022 నుండి నూటికి 30 వంతున పన్ను కలదు. ఇంతమాత్రము చెప్పి శాస్త్రవిషయములోనికి పోవుదము.

పత్రము చెప్పినది, చెప్పనిది

ఒకడు మరొకనికి సొమ్ము పంపదలచినచో ఆ సంగతిని తన రహస్య సంకేతముతో సంతకము చేసి ప్రపంచమందలి కంప్యూటర్ల కన్నింటికి చాటును. దీనికి లావాదేవి యని పేరు. క్రొత్త లావాదేవీలను ప్రతి కంప్యూటరును ఒక మూటగ కట్టును. ఆ మూటయే బ్లాకు. తరువాత ఆ బ్లాకునకు తగిన ఒక సంఖ్యను వెదకవలెను. ఈ సంఖ్య సూత్రములతో దొరకదు. కోట్లకొలది సంఖ్యలను వరుసగ ప్రయత్నించి చూచుటే మార్గము. భూమిని తవ్వి బంగారమును వెదకుటను పోలియుండుటచే దీనికి మైనింగు అను పేరు వచ్చినది. ఎవరికి ముందు దొరకునో వారు తమ బ్లాకును ప్రకటింతురు. తక్కినవారు దానిని సరిచూచి, దాని వెనుక తరువాతి బ్లాకును తగిలించుటకు పూనుకొందురు. సగటున పది నిమిషములకొక బ్లాకు ఈ గొలుసులో చేరుచుండును.

గెలిచినవానికి రెండు విధములైన ఆదాయము కలదు. మొదటిది క్రొత్తగ పుట్టు నాణెములు. ఇవి మొదట బ్లాకునకు 50 ఉండెడివి. ప్రతి 2,10,000 బ్లాకులకు ఒకసారి ఇవి సగమగును. 2024 ఏప్రిల్‌లో నాలుగవసారి సగమై 3.125 అయినవి. రెండవది ఆ బ్లాకులోని లావాదేవీలకు పంపువారు చెల్లించు రుసుము.

పత్రముయొక్క గొప్పతనమును ముందుగ ఒప్పుకొనవలెను. ప్రతి బ్లాకులోను దాని ముందు బ్లాకుయొక్క ముద్ర యుండును. కావున పాత లెక్కను మార్చదలచినవాడు ఆ తరువాతి బ్లాకుల శ్రమనంతయు మరల చేయవలెను. సంతకము లేనిదే ఎంత బలవంతుడైన మైనింగుదారుడును ఇతరుల సొమ్మును కాజేయలేడు. దొంగ సంతకమును తక్కిన కంప్యూటర్లు త్రోసివేయును. ఇంతవరకు గణితము నిజముగనే కాపలా కాయుచున్నది.

అయితే చోటున్న దానికంటె ఎక్కువ లావాదేవీలు వచ్చి నిలిచినపుడు ఏవి ముందు ఎక్కవలెను? ఈ ప్రశ్నకు పత్రములో జవాబు లేదు. ప్రతి కంప్యూటరును క్రొత్త లావాదేవీలను సేకరించునని మాత్రము కలదు. బ్లాకునకు పరిమాణపు హద్దు ఉండునని కూడ అందు లేదు. ఆ హద్దును 2010లో ప్రోగ్రాములో చేర్చిరి. అప్పుడది 10 లక్షల బైట్లు. 2017 ఆగస్టు నుండి బరువు అను క్రొత్త కొలత వచ్చినది. బ్లాకు బరువు 40 లక్షల యూనిట్లకు మించరాదు. నాలుగు యూనిట్లను ఒక వర్చువల్ బైటుగ లెక్కించుట వాడుక కనుక ఈ హద్దు 10 లక్షల వర్చువల్ బైట్లకు సమానము.

ఒకచోటనుండి సొమ్ము తీసి రెండుచోట్లకు పంచు సామాన్య లావాదేవి సుమారు 141 వర్చువల్ బైట్లుండును. అన్నియు ఇట్టివే యనుకొన్నను బ్లాకులో సుమారు ఏడు వేలే పట్టును. పది నిమిషములకు ఏడు వేలనగా సెకనుకు పన్నెండైనను లేవు. పెద్ద లావాదేవీలు కూడ వచ్చుచుండుటచే వాస్తవసంఖ్య ఇంకను తక్కువ. మన దేశములో యూపీఐ ద్వారా 2025 ఆగస్టు నెలలో 2,000 కోట్లకు పైగ చెల్లింపులు జరిగినవి. అనగా సెకనుకు సగటున 7,400కు పైగ. యూపీఐ ఒక సంస్థ నడుపు పద్ధతి కనుక ఈ రెంటికిని సామ్యము పూర్తిగ కుదరదు. అయినను బ్లాకులోని చోటు ఎంత ఇరుకో దీనివలన తెలియగలదు. ఇరుకైన చోట ఎంపిక తప్పదు. ఎంపిక యున్నచోట ఎన్నుకొనువాడును ఉండితీరును.

తొలినాటి న్యాయము

పత్రము విడిచిన ఖాళీని మొదట ప్రోగ్రాము వ్రాసినవారు పూరించిరి. తొలి సంవత్సరములలో బ్లాకులో కొంత చోటును రుసుముతో సంబంధము లేకుండ ప్రత్యేకించెడివారు. ఆ చోటు ఎవరికి దక్కవలెనో తేల్చుటకు ఒక సూత్రముండెడిది. పంపు సొమ్మును, ఆ సొమ్ము కదలక యున్న కాలముతో గుణించి, వచ్చిన లబ్ధమును లావాదేవి పరిమాణముచే భాగింపవలెను. ఫలము ఎక్కువైన దానికి ముందుచోటు. ఒక బిట్‌కాయిన్ ఒక దినము కదలక యుండి 250 బైట్ల లావాదేవిగ వచ్చినచో రుసుము లేకుండనే ఎక్కుటకు అర్హత కలిగెడిది.

చూచుటకు ఇది న్యాయముగనే కనిపించును. ఓపికతో వేచియున్నవానికి ముందు స్థానము! కాని సూత్రమును పరీక్షించినచో లోపము తెలియును. ఒక బిట్‌కాయిన్ గలవాడు నూరు దినములు వేచియుండి పొందు అర్హతను, నూరు బిట్‌కాయిన్లు గలవాడు ఒక్క దినములో పొందును. క్యూలో నిలుచుటకు కూడ ధనవంతునికి కాలము తక్కువ పట్టినది. 2016, 2017 సంవత్సరములలో ఈ పద్ధతిని ప్రోగ్రామునుండి తొలగించిరి. నాటినుండి రుసుమే ఏకైక ప్రమాణము.

కుప్పం లారీ లెక్క

రుసుము ప్రకారము ఎన్నుకొనుట యనగా ఎక్కువ రుసుమిచ్చినవానిని ముందెక్కించుట యని పలువురు తలతురు. అది సరికాదు. పరిమాణమును కూడ చూడవలెను. ఈ లెక్క మన పాఠశాలలలో నల్లబల్లమీద చేయదగినది.

కుప్పంనుండి పలమనేరు, పుంగనూరు, మదనపల్లెలమీదుగ హైదరాబాదు పోవు లారీ యొకటి కలదనుకొందము. అందులో 10 క్వింటాళ్ళ చోటు మిగిలినది. కుప్పంలో ఒకనికి 5 క్వింటాళ్ళ సరకు కలదు. కిరాయి 500 రూపాయలిచ్చును. పుంగనూరులో మరొకనికి 5 క్వింటాళ్ళు, కిరాయి 500 రూపాయలు. మదనపల్లె రైతువద్ద 6 క్వింటాళ్ళ టొమాటో, కిరాయి 660 రూపాయలు. ముగ్గురును ముందురోజే ఫోనులో అడిగిరి. లారీ యజమాని ఎవరికి మాట ఇయ్యవలెను?

క్వింటాలుకు ఎంత వచ్చునో చూచినచో కుప్పం, పుంగనూరు సరకులకు 100 రూపాయలు, మదనపల్లె టొమాటోకు 110 రూపాయలు. ఎక్కువ దరగల టొమాటోను ముందు ఒప్పుకొన్నచో 4 క్వింటాళ్ళ చోటు మిగులును. అందులో తక్కిన రెండింటిలో ఏదియు పట్టదు. మొత్తము ఆదాయము 660. టొమాటోను విడిచి మిగిలిన రెంటిని ఎక్కించినచో 1,000 రూపాయలు వచ్చును. అనగా దర ప్రకారము ఎన్నుకొను సులభ మార్గము అన్నివేళల ఉత్తమము కాదు. గణితములో దీనిని సంచి సమస్య యందురు. వస్తువుల సంఖ్య పెరిగినకొలది దీనిని ఖచ్చితముగ సాధించుట మిక్కిలి కష్టము. దర ప్రకారము నింపు మార్గమును జార్జ్ డాంట్జిగ్ 1957లో చర్చించెను.

మరి బ్లాకు విషయములో ఈ చిక్కు ఎందుకు బాధింపదు? మూట చిన్నది, లారీ పెద్దది యగుటచేత. పది లక్షల బైట్ల చోటులో 141 బైట్ల మూటలను దర ప్రకారము నింపుకొనుచు పోయినచో చివర మిగులు ఖాళీ మొత్తములో అత్యల్పము. నష్టము ఆ ఖాళీకి తగిన రుసుమును మించదు. కాబట్టి బైటుకు ఇంత యని దర కట్టి, ఎక్కువ దరనుండి క్రిందికి దిగుచు బ్లాకు నింపుటయే నేటి వాడుక. సులభమైన ఉపాయము ఎప్పుడు చెల్లును, ఎప్పుడు చెల్లదు అను వివేకమును విద్యార్థులు ఈ ఉదాహరణమునుండి నేర్చుకొనవచ్చును.

ఇంకొక మెలిక కలదు. కూలి అందిన తరువాతగదా కూలివాడు ఆ సొమ్ముతో బియ్యము కొనుట! అట్లే మొదటి లావాదేవిలో వచ్చిన సొమ్మును రెండవ లావాదేవిలో ఖర్చుపెట్టినచో మొదటిది ఎక్కనిదే రెండవది ఎక్కరాదు. మొదటిది 200 బైట్లు, రుసుము 200 సతోషీలు అనుకొందము. సతోషి యనగా బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతు. దాని దర బైటుకు 1 మాత్రమే. రెండవది 100 బైట్లు, రుసుము 5,900. దాని దర 59. రెంటిని కలిపిన 300 బైట్లకు 6,100 సతోషీలు, దర 20కి పైగ. ఆనాడు 15 దర గలవి ఎక్కుచున్నచో ఈ జంట కూడ ఎక్కును. బిడ్డ తండ్రి చార్జీని కూడ చెల్లించి బస్సెక్కించినట్లు! 2016 నుండి ప్రధాన ప్రోగ్రాములో ఈ విధముగ జంటగ లెక్కించుచున్నారు.

చిన్న సొమ్ముకు చోటెక్కడ?

ఈ దర పద్ధతిలో గమనింపదగిన విశేషమొకటి కలదు. రుసుము బైట్లను బట్టి యుండును గాని సొమ్మును బట్టి యుండదు. అయిదు వందల రూపాయల సొమ్మైనను, అర కోటి రూపాయల సొమ్మైనను సామాన్య లావాదేవికి 141 బైట్లే. రద్దీగనున్న దినమున దర 50 సతోషీలనుకొన్నచో ఇద్దరును సుమారు 7,000 సతోషీలు చెల్లింపవలెను. బిట్‌కాయిన్ వెల 50 లక్షల రూపాయలని లెక్క సులభమగుటకై తీసికొన్నచో సతోషి అయిదు పైసలు. రుసుము 350 రూపాయలు. అర కోటి పంపువానికి ఇది లెక్కలోనిది కాదు. అయిదు వందలు పంపువానికి పదింట ఏడు వంతులు!

ఇక్కడనే పత్రముపై మొదటి ఆక్షేపణ. రచయిత తన పీఠికలోనే బ్యాంకుల మధ్యవర్తిత్వమువలన ఖర్చు పెరిగి చిన్న చిన్న చెల్లింపులకు అవకాశము లేకుండ పోవుచున్నదని ఫిర్యాదు చేసెను. ఏ లోపమును దిద్దుటకు ఈ నిర్మాణము ఉద్దేశింపబడినదో, ఇరుకైన చోటును వేలము వేయుటవలన అదే లోపము మరల వచ్చి కూర్చున్నది. 2024 ఏప్రిల్ 20వ తేదీన 8,40,000వ బ్లాకు తయారైనపుడు అందులో స్థానముకై జరిగిన పోటీలో రుసుములే 37 బిట్‌కాయిన్లు దాటినవి. క్రొత్తగ పుట్టిన 3.125 నాణెములకు ఇవి సుమారు పన్నెండు రెట్లు. అట్టి దినమున చిన్న సొమ్ము పంపువాడు వేచియుండవలసినదే.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. చిన్న చెల్లింపులను గొలుసు వెలుపల పరస్పరము వ్రాసికొని, చివరి లెక్కను మాత్రము గొలుసులో ఎక్కించు లైట్నింగు వంటి పద్ధతులు వచ్చినవి. అవి ఉపయోగకరములే. కాని అవి పత్రములోనివి కావు. పత్రము విడిచిన ఖాళీని పూడ్చుటకు తరువాత వచ్చిన మరమ్మతులు.

పూల్ అనగానేమి?

రెండవ ఆక్షేపణ ఇంతకంటె గంభీరమైనది. పత్రము ప్రకారము ఒక్కొక్క కంప్యూటరు ఒక్కొక్క వోటు వంటిది. ప్రతి మైనింగుదారుడును తన బ్లాకును తానే కూర్చుకొనును. పూల్ అను మాటయే అందు లేదు. కాని 2010లో స్లష్ పూల్ పుట్టినది మొదలు పరిస్థితి మారినది.

కారణము సులభముగ అర్థమగును. ప్రపంచమందలి మొత్తము మైనింగు శక్తిలో లక్షవ వంతు ఒకనికి కలదనుకొందము. సగటున లక్ష బ్లాకులకు ఒకటి వానికి దక్కును. లక్ష బ్లాకులకు పది లక్షల నిమిషములు పట్టును, అనగా సుమారు 694 దినములు. రెండేండ్లపాటు కరెంటు బిల్లు కట్టుచు అదృష్టముకై ఎదురుచూచుట ఎవరికి సాధ్యము? కాబట్టి పలువురు కలిసి ప్రయత్నించి, ఎవరికి దొరికినను శ్రమకు తగినట్లు పంచుకొనుటకు ఏర్పరచుకొన్న సంఘమే పూల్. చీటీల కంపెనీవలెనే దీనికిని ఒక నిర్వాహకుడుండును. వాడు కొంత కమీషను తీసికొనును.

ఇందులో తప్పేమియు లేదు. కాని బ్లాకును కూర్చు పని ఎవరిది? మైనింగు యంత్రము పరీక్షించునది 80 బైట్ల శీర్షికను మాత్రమే. అందులో ముందు బ్లాకు ముద్ర, కాలము, వెదకవలసిన సంఖ్య మొదలగువానితోపాటు లావాదేవీలన్నింటికిని కలిపి 32 బైట్ల ముద్ర యొకటి యుండును. దీనిని మెర్కిల్ మూలమందురు. లావాదేవీలను రెండేసి చొప్పున జతపరచి, ఆ జతలను మరల జతపరచి, చివరకు ఒక్క ముద్రగ చేయుదురు. బ్లాకులో 4,000 లావాదేవీలున్నచో రెండును పన్నెండుసార్లు గుణింపగ వచ్చు 4,096 లోపల కనుక పన్నెండు అంతస్తులు చాలును. 2012 నుండి వ్యాపించిన స్ట్రాటమ్ అను పద్ధతిలో పూల్ నిర్వాహకుడు మైనింగుదారునకు ఈ పన్నెండు ముద్రలను మాత్రమే పంపును. నాలుగు వేల లావాదేవీలలో ఎవరివి ఎక్కినవో, ఎవరివి ఆగినవో యంత్రమునకు తెలియదు. పంపవలసిన సమాచారము తగ్గును, పని వేగమగును. కాని ఎంపిక పూర్తిగ నిర్వాహకుని చేతిలోనికి పోవును. మోయువాడు మూటలో ఏమున్నదో తెలియకయే మోయును.

లోకమందు మైనింగు యంత్రములు లక్షలకొలది యున్నను జాబితా వ్రాయు చేతులు కొలదియే. 2014 జూన్‌లో గాష్ అను ఒక్క పూల్ మొత్తము శక్తిలో సగమునకు చేరినపుడు కలవరము పుట్టి పలువురు దానిని విడిచిరి. 2024 నాటికి ఫౌండ్రీ, ఆంట్‌పూల్ అను రెండింటి వాటాయే కలిసి సగమునకు అటునిటుగ నుండెను. అంతేకాదు, అదే సంవత్సరము కొందరు పరిశీలకులు వేరువేరు పేర్లుగల పలు చిన్న పూల్‌లు పంపు జాబితాలు ఆంట్‌పూల్ జాబితానే పోలియుండుటను బయటపెట్టిరి. అంగళ్ళ బోర్డులు వేరు, లోపలి గుమాస్తా ఒకడే!

నిర్వాహకుని యిష్టము

ఎన్నుకొనువాడు ఒకడున్నపుడు దర ఒక్కటే ప్రమాణముగ నిలుచునా? జరిగిన సంగతులను చూతము.

2021 మేలో అమెరికాలోని మారథాన్ కంపెనీ తన పూల్‌లో ఆ ప్రభుత్వము నిషేధించిన చిరునామాల లావాదేవీలను ఎక్కింపబోమని ప్రకటించినది. విమర్శలు చెలరేగగ నెల తిరుగకుండనే ఆ నియమమును విడిచినది. 2023 నవంబరులో ఎఫ్2పూల్ కూడ ఇట్టి కొన్ని లావాదేవీలను ఆపుచున్నట్లు ఒక పరిశీలకుడు కనుగొనెను. ఆ పూల్ స్థాపకులలో ఒకరు దానిని ఒప్పుకొని ఆ జల్లెడను తీసివేయుదుమని చెప్పిరి. అదే ఏడాది మొదలైన ఓషన్ పూల్ గొలుసులో బొమ్మలను దాచు లావాదేవీలు వృథాభారమని తలచి వానిని విడిచిపెట్టినది. తనకు వచ్చు రుసుమును కూడ వదలుకొన్నది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణములును కలవు. 2023 ఫిబ్రవరి 1వ తేదీన లక్సర్ అను పూల్ ఒక పెద్ద బొమ్మగల లావాదేవిని నేరుగ పుచ్చుకొని, దాదాపు బ్లాకంతయు దానికే యిచ్చినది. సామాన్య కంప్యూటర్లు అంత పెద్దదానిని ఒకదానినుండి మరొకటి అందుకొనవు. అనగా అది వీధి వాకిట రాక దొడ్డిదారిన వచ్చినది. వయాబీటీసీ వంటి పూల్‌లు ఆగిపోయిన లావాదేవిని విడిగ సొమ్ము పుచ్చుకొని ముందెక్కించు సదుపాయమును బహిరంగముగనే నడుపుచున్నవి. అట్టి సొమ్ము గొలుసులోని రుసుములో కనబడదు. కావున బ్లాకును చూచి దరలను ఊహించువాడు మోసపోవును.

అన్నిటికంటె ఆలోచింపదగినది 2023 సెప్టెంబరులో జరిగినది. పాక్సోస్ అను కంపెనీ సుమారు రెండు వేల డాలర్ల సొమ్మును పంపుచు పొరపాటున 19 బిట్‌కాయిన్లకు పైగ, అనగా సుమారు అయిదు లక్షల డాలర్లు, రుసుముగ చెల్లించినది. ఆ బ్లాకు ఎఫ్2పూల్‌కు దక్కినది. పూల్ ఆ మొత్తమును తిరిగి ఇచ్చివేసినది. ఇది మెచ్చదగిన పని. కాని శాస్త్రదృష్టితో అడుగవలసిన ప్రశ్న వేరు. తిరిగి ఇమ్మని ఏ సూత్రము చెప్పినది? ఏ సూత్రమును చెప్పలేదు. ఒక మనుష్యుని మంచితనము చెప్పినది. మంచితనమునకు చోటున్నచోట దాని వ్యతిరేకమునకును చోటుండును. అంతయు గణితమే నడపునను వాదము ఈ ఒక్క ఉదంతముతో వీగిపోవుచున్నది.

నిరాకరణకు ఎంత బలము?

ఇంతమాత్రమున నిర్వాహకులు సర్వశక్తులు గలవారని భయపడరాదు. వారి బలమును లెక్కకట్టి చూడవలెను. మొత్తము శక్తిలో నాలుగవ వంతు గల పూల్ ఒక లావాదేవిని నిరాకరించినదనుకొందము. తక్కిన మూడు వంతులలో ఎవరైనను దానిని ఎక్కింతురు. వేచియుండవలసిన సగటు కాలము పది నిమిషములను నాలుగింట మూడుతో భాగింపగ వచ్చును, అనగా 13 నిమిషముల 20 సెకనులు. సగము శక్తి నిరాకరించినచో 20 నిమిషములు. పదింట తొమ్మిది వంతులు నిరాకరించినచో 100 నిమిషములు. ఒక్క చిన్న పూల్ ఒప్పుకొన్నను ఆలస్యమే గాని నిషేధము లేదు. మారథాన్ నియమము ఎవరిని గట్టిగ అడ్డలేకపోవుటకు ఇదియే కారణము.

కాని ఈ లెక్కలో ఒక షరతు దాగియున్నది. నిరాకరించువారు ఇతరుల బ్లాకును గౌరవించి దాని వెనుక తమ బ్లాకును తగిలింతురని మనము తలచితిమి. సగమునకు మించిన శక్తి గలవారు కూడి, నిషిద్ధ లావాదేవిగల బ్లాకును గుర్తింపక తమ గొలుసును వేరుగ పెంచినచో వారి గొలుసే పొడవై గెలుచును. అప్పుడు నూరు నిమిషములు కాదు, నూరేండ్లు వేచినను ఆ లావాదేవి నిలువదు. కాబట్టి సగము అను హద్దు ఈ నిర్మాణమునకు ప్రాణస్థానము. సగము శక్తికి జాబితా వ్రాయు చేతులు రెండు మూడేయని తెలిసినపుడు ఈ షరతును తేలికగ తీసికొనరాదు.

ఎంపిక తిరిగి రాగలదా?

ఈ దోషమునకు మందు లేకపోలేదు. ఆదాయమును పంచుకొనుట వేరు, జాబితా వ్రాయుట వేరు. ఈ రెండు పనులు ఒకచేతనే యుండవలెనను నియమము ఎక్కడను లేదు. నిర్వాహకుడు లేకుండనే పంపకము జరుపు పీ2పూల్ 2011లోనే వచ్చినది గాని ఎక్కువ వ్యాపింపలేదు. స్ట్రాటమ్ పద్ధతియొక్క రెండవ రూపము 2019లో ప్రతిపాదింపబడినది. అందులో మైనింగుదారుడు కోరినచో జాబితాను తానే కూర్చి పూల్‌కు తెలుపవచ్చును. ఓషన్ పూల్ కూడ 2024లో డేటమ్ అను పేరుతో ఇట్టి యేర్పాటును ప్రవేశపెట్టినది.

అయినను వీనిని అందరును వెంటనే అవలంబింపకపోవుటకు కారణములు కలవు. జాబితా కూర్చవలెనన్నచో మైనింగుదారుడు పూర్తి గొలుసును తన కంప్యూటరులో ఉంచుకొని సరిచూచుచుండవలెను. ఇందుకు ఖర్చును శ్రద్ధయు కావలెను. పూల్ పంపు జాబితాతో వచ్చు ఆదాయమే వచ్చునపుడు ఈ శ్రమ ఎందుకని చాలమంది యూరకుందురు. పూల్ కూడ వాని జాబితాను త్రోసిపుచ్చవచ్చును. హక్కు ఉండుట వేరు, దానిని వినియోగించుట వేరు అను పౌరశాస్త్ర పాఠము ఇక్కడను వర్తించుచున్నది.

తీర్పు

ఈ పత్రముపై మన తీర్పు ఇట్లుండవలెను. లెక్కను ఎవరును దిద్దలేకుండ చేయుటలో ఇది గెలిచినది. లెక్కలో ఎవరి పేరు ఎప్పుడు ఎక్కవలెనో నిర్ణయించుటలో మౌనము వహించినది. ఆ మౌనమును మొదట ప్రోగ్రాము వ్రాసినవారి అభిరుచియు, తరువాత దరల పోటీయు, చివరకు కొలదిమంది నిర్వాహకుల యిష్టమును ఆక్రమించినవి. అబద్ధమాడకుండుట ఒక గుణము, అందరి మాటను వినుట వేరొక గుణము. గణితము మొదటిదానికి హామీ యిచ్చినది. రెండవదానికి హామీ మనుష్యులే యియ్యవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో మూడు భాగములుగ చూపవచ్చును. లారీ లెక్కను విద్యార్థులచేత చేయించి దర ప్రకారము నింపుట ఎప్పుడు చెల్లునో కనుగొనుమనవచ్చును. ఎనిమిది చీట్లను రెండేసి చొప్పున జతపరచి మెర్కిల్ మూలమును బొమ్మగ గీయించవచ్చును. నిరాకరించు పూల్ వాటాను మార్చుచు వేచియుండు కాలమును గ్రాఫుగ గీయించినచో, వాటా పూర్ణమునకు సమీపించినకొలది గీత ఎట్లు నిటారుగ లేచునో వారే చూతురు. ఆ గ్రాఫు గీచిన విద్యార్థి యంత్రము చేసినదను మాట విన్నప్పుడెల్ల, ఆ యంత్రమునకు జాబితా నిచ్చినదెవరని అడుగుట నేర్చుకొనును.